ఓడ కూసినప్పుడల్లా దణ్ణం

మొన్న ఆదివారం పొద్దున్న చేపల బజారులో ఐసు నీటి చుక్క ఒకటి ఎగిరొచ్చి నా చెంప మీద పడింది. చల్లగా, రొయ్యల వాసనతో. తలెత్తి చూస్తే ఎదురుగా రొయ్యలు ఒలిచే పిల్ల ఒకతి కుడి చెయ్యి బేసిన్లోంచి తీసి గాలిలో విదిలిస్తోంది. తడి వదిలించుకోవడానికైతే ఒక్క విదిలింపు చాలు. ఈ పిల్ల ఆపడం లేదు. వేళ్ళకి చీమలు పట్టినట్టు దులిపేసుకుంటోంది. మళ్ళీ ఒక రొయ్య ఒలిచింది, మళ్ళీ విదిలించింది. ఏళ్ళ కిందట నేను కూడా నా చెయ్యి అచ్చం అలాగే విదిలించేదాన్ని.

నాకు మెత్తగా మాట్లాడడం చేతకాదు. "ఏదే, ఆ సెయ్యి ఇలగ తే" అన్నాను.

పిల్ల నన్ను కిందా మీదా చూసింది. "ఏటమ్మా, సోది సెప్తావేటి? నా కాడ డబ్బుల్నేవు."

"సోది నేదు, గీది నేదు. బొటనేలు, సూపుడేలు, నడిమేలు మొద్దుబారతన్నాయి. సిటికినేలు మాత్రం బాగుంది. తెల్లారేసరికి సెయ్యి నీది కానట్టుంటంది. అవునా, కాదా?"

"ఓలమ్మ!" అంది పిల్ల. చేతిలో రొయ్య కింద పడిపోయింది. "నీకెలగ తెలుసమ్మా?"

నాకెలా తెలుసో చెప్పాలంటే రత్నమ్మగారి గురించి చెప్పాలి. ఆవిణ్ణి చూడనివాళ్ళకి ఆవిడ గొంతు ఎలా వినిపించాలో తెలియడం లేదు గానీ, చెప్పాలని చెయ్యి తహతహలాడుతోంది. చెయ్యి తహతహలాడడమే ఆవిడ పుణ్యం.

నా పేరు సింహాచలం. మా వైపు ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ కూడా ఆ పేరు పెడతారు. విజయనగరం అవతల పల్లెలో పుట్టాను, పెళ్ళయ్యాక విశాఖపట్నం వన్ టౌన్‌లో ఒక ఇరుకు సందులోకి వచ్చి పడ్డాను. మా ఆయన అప్పారావు పోర్టులో బస్తాలు మోసేవాడు. నేను రేవు దగ్గర రొయ్యలు ఒలిచే షెడ్డులో చేరాను. అవతల స్టీల్ ప్లాంటు ఇంకా కడుతున్న రోజులవి. ఊరు ఊరంతా దుమ్ము, లారీలు, కొత్త మనుషులు. షెడ్డులో మేము తడి గచ్చు మీద రెండు వరసల్లో గొంతుక్కూర్చునేవాళ్ళం. మధ్యలో బేసిన్లు, బేసిన్లలో ఐసు, ఐసులో రొయ్యలు. తల తుంచాలి, పొట్టు లాగాలి, వీపున నల్లటి పేగు తియ్యాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే తుంచుడు, అదే లాగుడు. బేసిను కింద ఉంటుంది, మనిషి పైన ఉంటుంది, మణికట్టు ఈ రెండింటి మధ్యా కొంగ మెడలా వంగిపోయి ఉంటుంది. ఎవరికీ అది వంగి ఉందన్న సంగతే తెలియదు. పని అంటే అంతే అనుకున్నాం.

రత్నమ్మగారు మా మీద సూపర్‌వైజరుగా వచ్చారు. నరసాపురం వైపు మనిషి. భర్త ప్లాంటులో వెల్డింగు పనికి వచ్చాడు, ఆయన వెంట ఆవిడా వచ్చింది. సన్నటి మనిషి, గంజి పెట్టిన చీర, రేవు అవతలి ఒడ్డుకి వినిపించే గొంతు. "ఏమ్మా, ఆ పొట్టు కాలవలో పారేత్తారేంటి? తొట్టె ఎందుకుందండీ అక్కడ, అందానికా?" అని వచ్చిన మొదటి రోజే కేకేసింది. నా పక్కన కూర్చునే పైడమ్మ ఆవిడ వెనక్కి తిరగ్గానే "ఆయ్, అందానికేనండి, ఆయ్" అని వెక్కిరించింది. పైడమ్మ మొగుడు బోటు మీద వేటకి వెళ్ళేవాడు. ఆమె నాలిక ముందు రొయ్య ముల్లు ఏ మూలకీ చాలదు.

ఆవిడలో మాకొకటి నచ్చేది కాదు. తూకం వేసి బరువు గట్టిగా చెప్పేది గానీ కాయితం ముట్టుకునేది కాదు. షెడ్డు మేస్త్రీయే రాసుకోవాలి. "సదువుకున్నాననే టెక్కు. పెన్ను ముట్టుకుంటే సేతులు అరిగిపోతాయి కావాల" అనేది పైడమ్మ. నేనూ నవ్వేదాన్ని. ఎందుకు ముట్టుకోదో తర్వాత తెలిసింది.

ఆ ఏడే నేను చదువు మొదలుపెట్టాను. ముప్పై దాటిన వయసులో ఈ పిచ్చి ఎందుకు పట్టిందంటే, బస్సు వల్ల. కంచరపాలెంలో మా చెల్లెలికి నొప్పులు వస్తున్నాయని కబురొస్తే, కంగారుగా ఏదో బస్సెక్కి ఎక్కడో గాజువాకలో దిగాను. ముందు బోర్డు మీద అంత పెద్ద అక్షరాలున్నాయి, నాకవి గోడ మీద పిడకల్లా కనిపించాయి. నేను తిరిగి వచ్చేసరికి చెల్లెలికి కూతురు పుట్టి పాలు కూడా తాగేసింది. "పిల్ల రావడానికి తొమ్మిది నెలలు పట్టింది, పెద్దమ్మ రావడానికి అంతకన్నా ఆలీసం" అని మా మరిది ఎగతాళి చేశాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చి మా ఆయనతో, "నాను సదువుకుంతాను. అడ్డొత్తే ఊరుకోను" అన్నాను. ఆయన పాపం అడ్డు రాలేదు. సందు చివర వసారాలో సాయంత్రం పూట పెద్దవాళ్ళకి చదువు చెప్పేవారు. వెళ్ళి పలక పట్టుకుని కూర్చున్నాను.

కూర్చోవడమైతే కూర్చున్నాను గానీ బలపం నిలబడదు! 'అ' సగంలో ఉండగా బలపం చేతిలో ఉందో లేదో తెలిసేది కాదు. చూసుకుంటే ఒళ్ళో ఉండేది. మళ్ళీ పట్టుకునేదాన్ని, మళ్ళీ జారేది. పక్కవాళ్ళు గుణింతాల్లోకి వెళ్ళిపోయారు, నేను 'అ' దగ్గరే బలపాలు ఏరుకుంటున్నాను. పంతులమ్మ మంచిదే, నన్ను చూసి జాలిపడి, "సింహాచలమ్మా, వయసు మీరాక చెయ్యి తిరగదు. నువ్వు వినడానికి రా, చాలు" అంది. ఆ మాట నాలో దిగిపోయింది. నా బుర్ర మొద్దు కాబట్టే చెయ్యి మొద్దుబారుతోందని గట్టిగా నమ్మేశాను.

షెడ్డులోనూ అదే కథ. ఐసు బేసిను ఎత్తబోతే పట్టు జారి కాలవలోకి బోర్లా పడింది. మంచి టైగరు రొయ్యలు మురిక్కాలవలో కొట్టుకుపోతుంటే మేస్త్రీ సూర్నారాయణ నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. "ఇంకోపాలి పడిందంటే నువ్వు కూడా ఆ కాలవెంటే ఎల్లిపోవాల!" అన్నాడు. ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్పి ఏడ్చాను. ఆయనకి తెలిసిన వైద్యం ఆయన చేశాడు. బస్తాలు మోసేవాళ్ళు మణికట్టుకి తోలుపట్టీ గట్టిగా బిగించుకుంటారు. దానితో చేతికి బలం వస్తుందని వాళ్ళ నమ్మకం. ఆయన తన పట్టీ విప్పి, ఇంకా చెమట వెచ్చదనం ఆరకముందే నా మణికట్టుకి చుట్టి, పళ్ళతో లాగి బిగించాడు. "ఇది కట్టుకుని ఓడలకోడలే కాళీ సేసీసినాం. నీ రొయ్యలెంత?" అన్నాడు. ప్రేమతో కట్టాడు. రెండో రోజుకి నా వేళ్ళు వంకాయ రంగులోకి వచ్చాయి.

రత్నమ్మగారు బరువు చూడడానికి నా దగ్గరికి వచ్చి, బేసిను చూడకుండా నా చెయ్యి చూసింది. ఎంతసేపు చూసిందో తెలియదు. ఉన్నట్టుండి నడుముకున్న చిన్న కత్తి తీసి, నేను ఏమిటనే లోపు పట్టీని పుటుక్కున కోసేసింది.

"ఓలమ్మో! అది మాయన కట్టిందండీ!" అని అరిచాను.

"మీ ఆయన కట్టింది బస్తాలోళ్ళ పట్టీ. ఇది బస్తాలెత్తే చెయ్యా? లోపల నరం నలిగి చత్తంటే పైనుంచి ఉరేత్తారేంటమ్మా దానికి?" అని, నా అరచెయ్యి వెలుతురుకి తిప్పింది. బొటనవేలి కింద కండ మీద తన వేలితో నొక్కింది. "ఉంది. ఇంకా కండ ఉంది" అని గట్టిగా ఊపిరి వదిలింది. "రాత్రిళ్ళు లేచి విదిలిత్తావా?"

"విదిలిత్తానండి."

"బలపం పడిపోద్దా?"

నేను చదువుకి వెళ్తున్న సంగతి షెడ్డులో పైడమ్మకి తప్ప ఎవరికీ తెలియదు. పైడమ్మ వెంటనే తలొంచుకుని రొయ్యలు ఒలవసాగింది.

"నా బుర్ర మొద్దండి. అందుకని..." అన్నాను.

"బుర్రకేం వచ్చిందమ్మా? మణికట్టుకొచ్చింది!" అని తన కుడి చెయ్యి నా ముందు చాపింది. అప్పుడు చూశాం అందరం. బొటనవేలి కింద మనందరికీ బొద్దుగా ఉండే కండ ఆవిడకి లేదు. అక్కడ గుంట. ఎవరో చెంచాతో తోడేసినట్టు గుంట.

"లేసు అల్లేదాన్ని" అంది. "మా వైపు ఇంటింటా అదే. పిల్లప్పుడు పట్టుకున్నాను కొక్కెం సూది. తిమ్మిరెక్కితే విదిలించేదాన్ని, మళ్ళీ అల్లేదాన్ని. మా అమ్మా విదిలించేది, మా అక్కా విదిలించేది. విదిలించుకోడం కూడా అల్లికలో భాగమే కామోసు అనుకున్నాం. ఓ రోజు చూసుకుంటే ఇక్కడ కండ లేదు. జాకెట్టు హుక్కు పెట్టుకోలేను. ఎనిమిదో తరగతి దాకా చదివానమ్మా, గుండ్రంగా రాసేదాన్ని. ఇప్పుడు పెన్ను ఇత్తే సంతకం కూడా నిలబడదు. సిగ్గేసి కాయితం ముట్టుకోను." పైడమ్మ వైపు తిరిగి, "టెక్కు కాదమ్మా పైడమ్మా, చేతకాకే" అంది. వినపడిందన్నమాట అన్నీ! పైడమ్మ చీర చెంగుతో ముక్కు తుడుచుకుని, "మీ సెవులకి మాత్రం ఏటీ అవనేదండీ" అంది. రత్నమ్మగారు పకపకా నవ్వింది. ఆ నవ్వుతో ఆవిడ మా మనిషి అయిపోయింది.

ఆ వారంలోనే నన్ను పెద్దాసుపత్రికి లాక్కెళ్ళింది. డాక్టరుగారు నా మణికట్టు మీద వేలితో తట్టాడు, వేళ్ళ కొసల దాకా కరెంటు కొట్టినట్టు జివ్వుమంది. ఒంట్లో పంచదార ఉందా, నీరు పట్టిందా అని పరీక్షలు చేయించాడు. ఆయన ఓపికమంతుడు, విడమరిచి చెప్పాడు. మణికట్టులో ఒక ఇరుకు సందు ఉంటుందట. అందులోంచే వేళ్ళు కదిపే తాళ్ళన్నీ, ఒక నరమూ వెళ్తాయట. చెయ్యి వంచి వంచి పని చేస్తే ఆ తాళ్ళు ఉబ్బి నరాన్ని నొక్కేస్తాయట. మా వన్ టౌన్ సందులో రెండు ఎడ్లబళ్ళు ఎదురుపడితే మధ్యలో మనిషి గోడకి అతుక్కుపోతాడే, అలా అని నాకు అర్థమైంది. "కండ తగ్గలేదు కాబట్టి మించిపోలేదు. పడుకున్నప్పుడు చెయ్యి వంగకుండా చెక్క కట్టుకో. పనిలో మధ్య మధ్య చేతికి విశ్రాంతి ఇవ్వు. తగ్గకపోతే ఆపరేషన్ చేద్దాం, అశ్రద్ధ చెయ్యకు" అన్నాడు.

బయటికొచ్చాక రత్నమ్మగారు, "అంతా బాగానే చెప్పారు గానీ, విశ్రాంతి ఏ కొట్లో దొరుకుద్దో చెప్పలేదమ్మా డాక్టరుగారు" అంది. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు, అప్పుడే ఏదో ఆలోచిస్తోంది.

చెక్క మాత్రం కొట్లోనే దొరికింది. పిల్లలు గీతలు గీసుకునే చెక్క స్కేలు. దాన్ని అరచేతి నుంచి మోచేతి వైపు పెట్టి, పాత చీర పేలికతో వదులుగా చుట్టి పడుకోవాలి. చెయ్యి బుగ్గ కింద మడిచి పెట్టుకోకూడదు. మా ఆయన చూసి, "పగలు రొయ్యలు, సాయంత్రం పలక, పడుకున్నాక స్కేలా? నిద్దట్లో ఎవుల్ని కొలుత్తావే?" అన్నాడు. కానీ పట్టీ సంగతి చెప్పగానే ముఖం చిన్నబోయింది. ఆ రోజు నుంచి రోజూ ఆయనే కట్టేవాడు. కట్టాక తన చిటికెనవేలు పేలిక లోపలికి దూర్చి చూసేవాడు, దూరితేనే సరిపోయినట్టు. బస్తాలు మోసిన ఆ మొరటు వేలు నా మణికట్టు మీద అంత జాగ్రత్తగా తిరిగేది.

ఇక షెడ్డు. రత్నమ్మగారు ముందు ఖాళీ ఐసు పెట్టెలు బోర్లించి, బేసిన్లు వాటి మీదికి ఎక్కించింది. మమ్మల్ని పీటల మీద కూర్చోబెట్టింది. బేసిను మోచేతి ఎత్తుకి వచ్చేసరికి కొంగ మెడ నిటారైంది. రొయ్యని రెండు వేళ్ళతో చిదిమినట్టు కాకుండా వేళ్ళన్నిటితో వదులుగా పట్టుకోమనేది, అప్పుడప్పుడు చెయ్యి మార్చమనేది. ఐసులోంచి తీసిన చేతులు ముంచుకోవడానికి ఒక బకెట్టులో గోరువెచ్చటి నీళ్ళు పెట్టించింది. గాజులు మణికట్టు మీద బిగిసి ఉన్నవాళ్ళని మోచేతి వైపు తోసుకోమంది. మేస్త్రీ ఇదంతా సహించాడు, ఖర్చు లేదు కాబట్టి. కానీ "మధ్య మధ్యలో చేతులు ఆపాలి" అనగానే గయ్యిమన్నాడు. "ఆపితే రొయ్యలు వాటంతటవే ఒలుసుకుంతాయేటి? ఐసు కరిగిపోతంటే యాయామాలా? నాను ఒప్పుకోను!"

రత్నమ్మగారు వాదించలేదు. తలుపు దగ్గర నిలబడి రేవు వైపు చూసింది. సరిగ్గా అప్పుడే ఒక బోటు వేటకి బయల్దేరుతూ హారను కొట్టింది. పైడమ్మ ఒలుస్తున్న రొయ్య వదిలేసి గబుక్కున చేతులు కలిపి గంగమ్మకి దణ్ణం పెట్టి మళ్ళీ పనిలో పడింది. మా రేవులో అది అలవాటు. బోటు వెళ్ళినా వచ్చినా, దాని కూత వినపడితే ఆడవాళ్ళు దణ్ణం పెట్టాలి. మొగుడు అందులో ఉన్నా లేకపోయినా, ఎవరి మొగుడో ఒకడు ఉంటాడు కదా. మేస్త్రీ కూడా దానికి ఎప్పుడూ అడ్డు చెప్పలేదు. రొయ్యలిచ్చేది గంగమ్మేనాయె.

రత్నమ్మగారి కళ్ళు మెరిశాయి. "పైడమ్మా, అదేం దణ్ణవమ్మా, ఈగని తోలినట్టు? గంగమ్మ తల్లికి అలాగేనా పెట్టేది?" అని మధ్యలోకి వచ్చి నిలబడింది. "అందరూ లేవండి. చేతులు గుండె ముందు కలపండి. మోచేతులు పక్కలకి. అరచేతులు విడకుండా మెల్లగా బొడ్డు దాకా దించండి. మణికట్టు దగ్గర లాగుద్ది, లాగనివ్వండి. నొప్పొత్తే అక్కడే ఆగండి, తల్లేం కోప్పడదు. ఇప్పుడు చేతులు పైకెత్తి, వేళ్ళు విప్పండి, ముడవండి, విప్పండి. భుజాలు వదిలెయ్యండి. ఇదీ దణ్ణం!"

"ఇలగ ఎన్నిసార్లు?" అన్నాడు మేస్త్రీ చివరికి.

"మీ బోట్లు ఎన్నిసార్లు కూత్తే అన్నిసార్లండి. మా చేతిలో ఏవుంది? తల్లి దయ!"

ఓహ్, ఆ నెలలు! బోటు కూస్తే దణ్ణం. పక్కన పోర్టులోకి పెద్ద ఓడ వస్తూ మదపుటేనుగులా ఘీంకరిస్తే దణ్ణం. "ఓడకెందుకే దణ్ణం?" అని మేస్త్రీ అడిగితే పైడమ్మ, "ఓడ నీల్ల మీద రాదేటి, రోడ్డు మీదొత్తాదేటి?" అంది. వరస వరసంతా లేచి చేతులు దించుతూ ఎత్తుతూ ఉంటే రేవులోకి వచ్చిన కొత్తవాళ్ళు ఎంత భక్తో అని మాకు ఎదురు దణ్ణం పెట్టి వెళ్ళేవాళ్ళు. విదిలింపులు తగ్గాయి. నా వేళ్ళలో మంట తగ్గింది గానీ, కొసలు ఇంకా మొద్దుగానే ఉండేవి. బలపం ఇంకా జారుతూనే ఉంది. "నరం నిదానవమ్మా. నలగడానికి ఏళ్ళు పట్టింది, లేవడానికి నెలలైనా ఇవ్వవా?" అనేది రత్నమ్మగారు. రోజూ నా బొటనవేలి కింద నొక్కి చూసేది. ఆవిడకి ఏం భయమో నాకు తెలుసు. నాకూ అదే భయం. ఆ గుంట.

అంతలో తుఫాను వచ్చి బోట్లన్నీ ఒడ్డునే కట్టేశారు. గాలి తగ్గాక అన్నీ ఒకేసారి వేటకి పోయి, ఒకేసారి నిండుగా తిరిగొచ్చాయి. అంత రొయ్య నేను ఎప్పుడూ చూడలేదు. షెడ్డులో అడుగు పెట్టడానికి చోటు లేదు. ఐసు చాలడం లేదు. మేస్త్రీ పిచ్చెత్తినట్టు తిరుగుతున్నాడు. "ఈయాల దణ్ణాల్నేవు! గంగమ్మకి అందరి తరపునా నాను సెప్పుకుంతాను. సెయ్యి ఎత్తినోలు రేపట్నించి రానక్కర్నేదు!" అని ప్రకటించాడు. నా వైపు ప్రత్యేకంగా చూశాడు. కాలవలో పోయిన రొయ్యల్ని ఆయన మరిచిపోలేదు.

తలలొంచుకుని ఒలిచాం. ఎంతసేపో. పీట మీద మనిషి ముందుకి వాలిపోతోంది, మణికట్టు మళ్ళీ వంగుతోంది, పాత చీమలు మెల్లగా వేళ్ళెక్కుతున్నాయి. వరసలో ఎవరో విదిలించారు. ఆ వెనకే ఇంకొకరు. అప్పుడు రేవులో బోటు కూసింది.

ఎవరూ కదల్లేదు. నేను రత్నమ్మగారి వైపు చూశాను. లేవమని ఆవిడ మాకు చెప్పలేదు, చెబితే మా కూలి పోతుందని ఆవిడకి తెలుసు. తూకం పక్కన నిలబడి, మేస్త్రీ ముఖంలోకి చూస్తూ, తానొక్కతే తన రెండు చేతులూ గుండె ముందు కలిపింది. వంకర తిరిగిన ఆ బొటనవేలు మిగతా వేళ్ళతో కలవలేదు. పక్కకి వేలాడుతూనే ఉంది. అలాగే దించింది.

పైడమ్మ లేచింది. "నీ దణ్ణం నీకు సెల్లుద్ది మేస్త్రీ. మాయన బోటుకి నువ్వెందుకు దణ్ణం ఎడతావు? నువ్వేటౌతావు మాకు?" అని చేతులు కలిపింది. షెడ్డు గొల్లుమంది. ఆ నవ్వులోనే నేను లేచాను. నా వెనక వరస లేచింది, ఎదురు వరస లేచింది. పొట్టు పారబోసే ముసలమ్మ కూడా తట్ట దించి చేతులెత్తింది. అన్ని చేతులు, ఐసుకి ఎర్రబడిన అన్ని వేళ్ళు, విప్పుకుంటూ ముడుచుకుంటూ! మేస్త్రీ ఒక్కడే పెన్సిలు పట్టుకుని మధ్యలో నిలబడిపోయాడు. అందర్నీ పంపేస్తే రొయ్యలు ఎవరు ఒలుస్తారు?

"కానీండి, కానీండి బేగి" అన్నాడు గొణుగుతూ.

కూర్చుని బేసిన్లో చెయ్యి పెట్టాను. చురుక్కుమంది! రొయ్య తల మీద రంపం లాంటి ముల్లుంటుంది, అది నా చూపుడువేలి కొసలో దిగింది. రక్తం బొట్టు వచ్చింది. ఎన్నో నెలలుగా ఆ వేలికి ముళ్ళు దిగుతూనే ఉన్నాయి, సాయంత్రం గాట్లు చూసుకుని తెలుసుకునేదాన్ని. ఈసారి దిగుతుండగానే తెలిసింది!

"గుచ్చుకుంది!" అని కేక పెట్టాను. "ఓలమ్మ, గుచ్చుకుందే! నొప్పెడతంది!"

మేస్త్రీ అదిరిపడి, "ఏటైంది? పామేటి?" అన్నాడు. పైడమ్మ నన్ను కావలించుకుంది. రత్నమ్మగారు బేసిన్లు దాటుకుంటూ పరిగెత్తుకొచ్చి నా వేలు పట్టుకుని, ఆ రక్తం బొట్టుని పువ్వుని చూసినట్టు చూసింది. "ఏదీ, ఇంకో వేలు?" అంది. నేను కావాలనే నడిమి వేలికి ఇంకో ముల్లు గుచ్చుకున్నాను. "ఎడతంది!" బొటనవేలు. "ఇదీ ఎడతంది!" ఆవిడ కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, నోరు మాత్రం తిడుతోంది: "చాల్లేమ్మా, వేళ్ళన్నీ తూట్లు చేసుకుంటావేంటి పిచ్చిదానా!" ఆ రోజు ఐసు కరగక ముందే రొయ్యంతా ఒలిచేశాం. మేస్త్రీ పొగడలేదు. "రేపు ఏలకి రండి" అన్నాడు, నన్ను కూడా చూసి.

తర్వాత బలపం నిలబడింది. నా పేరు రాసి షెడ్డులో గచ్చు మీద బొగ్గుతో చూపించాను. పైడమ్మ దాని చుట్టూ తిరిగి, "మొదట సున్నే, సివర సున్నే. మద్దెన ఏటున్నట్టే?" అంది. నేను కార్డు ముక్క మీద రాసిన మొదటి ఉత్తరం మాత్రం నాది కాదు. రత్నమ్మగారు చెబితే వాళ్ళ అక్కకి రాశాను. "అక్కా, తిమ్మిరెక్కితే విదిలించి మళ్ళీ అల్లకు. కొక్కెం కింద పెట్టు. డాక్టరుకి చూపించు." తప్పులతో, తలకట్లు ఎగిరిపోతూ రాశాను. ఎనిమిదో తరగతి చదివిన ఆవిడ మాట, అప్పుడే అక్షరాలు నేర్చిన నా చెయ్యి. రెండూ కలిస్తే ఒక ఉత్తరమైంది.

ప్లాంటులో భర్త పని అయ్యాక రత్నమ్మగారు వాళ్ళు నరసాపురం వైపు తిరిగి వెళ్ళిపోయారు. కొన్నాళ్ళకి ఒక కార్డు వచ్చింది. అక్షరాలు చూసి ఎవరో చిన్నపిల్ల రాసిందనుకున్నాను. కొమ్ములు పడిపోతున్నాయి, వరస కొండెక్కి దిగుతోంది. చదివితే ఇలా ఉంది: "సింహాచలం, ఇది నా ఎడమ చెయ్యి. నువ్వు ముప్పై దాటాక నేర్చుకోగా లేంది, నేను నేర్చుకోలేనా? చెక్క కట్టుకుంటున్నావా? ర." కింద ఆ 'ర' ఎంత గుండ్రంగా ఉందో! మిగతా అక్షరాలన్నీ వంకరే, అదొక్కటే గుండ్రంగా. ఎన్నిసార్లు దిద్దుకుందో మరి.

చేపల బజారులో ఆ పిల్ల బొటనవేలి కింద నొక్కి చూశాను. కండ ఉంది. మణికట్టుకి బిగించుకున్న రబ్బరు బ్యాండ్లు తెంపేశాను, అరిచింది, అరవనిచ్చాను. బేసిను కింద పెట్టె బోర్లించాను. "డాక్టరుకి సూపించు. ఇక్కడ కండ తరిగితే మాత్రం ఈ ముసిల్దాని మాటలు నమ్ముకుని కూకోకు, పరిగెత్తు" అన్నాను. అప్పుడే పోర్టు వైపు నుంచి ఓడ కూసింది. నేను చేతులు కలిపాను. పిల్ల నన్ను చూసి, బజారుని చూసి, సిగ్గుపడుతూ తనూ కలిపింది. "మెల్లగా దించే" అన్నాను. "లాగుద్ది, లాగనీ."

ఇదంతా నా చేత్తోనే రాశాను. కలం ఒక్కసారి జారలేదు. ఇదిగో, మళ్ళీ కూసింది. కలం కింద పెడుతున్నాను.